యాదగిరి నడిచిన వరస

హైదరాబాదు వెళ్ళొచ్చానంటే మా బెజవాడలో మొదటి ప్రశ్న చార్మినారు చూశావా అని, రెండోది బిర్యానీ తిన్నావా అని. మూడు రోజులు పాతబస్తీలో కాళ్ళరిగేలా తిరిగి ఆ రెండూ చేయకుండా తిరిగొచ్చిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే. నేను చూసినవి కొన్ని కిరాణా దుకాణాలు, ఒక అద్దె ఇల్లు. అటు వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నానని చెబుతున్నాను గానీ, సగం నాకోసమే రాస్తున్నాను.

నేను ఒక అగరొత్తుల కంపెనీలో రెండు రాష్ట్రాల అమ్మకాలు చూస్తాను. మా భాషలో బీట్ అని ఒక మాట ఉంది. ఒక సేల్స్‌మన్ ఒక రోజు ఏ దుకాణం తర్వాత ఏ దుకాణానికి వెళ్ళాలో చెప్పే వరస అది. లాల్‌దర్వాజా, గౌలిపుర, మలక్‌పేట బీట్‌ను ఇరవై రెండేళ్ళు యాదగిరి అనే ఆయన నడిచాడు. కంప్యూటర్ తెర మీద ఆయన దారి చూస్తే పిల్లలు గీసిన పిచ్చిగీతలా ఉండేది. ఒకే వీధిని మూడుసార్లు దాటేవాడు. పోయిన ఏడు నేను దాన్ని సరిచేశాను. లాల్‌దర్వాజాలో మొదలుపెట్టి మలక్‌పేట దాకా చక్కగా ఒకే గీత. రోజుకు నాలుగు కిలోమీటర్లు ఆదా. మీటింగులో ఆ గీత చూపించి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ పైన ప్రమోషనూ వచ్చింది.

కొత్త వరస మొదలైన రెండో రోజున యాదగిరి నాకు ఫోన్ చేశాడు. "మేడం, ఈ రూటు జర మార్చాలె. పొద్దుగాల్నే పోతే..." అంటుంటే నేనింకో మీటింగులోకి వెళ్తున్నాను. ఒక వారం చూడండి, అలవాటైపోతుందన్నాను. "సరే మేడం" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ చేయలేదు. ఈ ఏడు మే నెల ఎండల్లో, మధ్యాహ్నం వేళ, మలక్‌పేట వైపు ఒక దుకాణం మెట్టు మీద కూర్చుని మరి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

రెండు నెలల తర్వాత కంపెనీ నన్ను అడిగింది: ఆ చిన్న దుకాణాల బీట్ ఉంచాలా, ఎత్తేయాలా? చూసొచ్చి చెప్తానన్నాను. అది పైకి చెప్పిన పని. లోపలి పని ఇంకొకటుంది. యాదగిరి భార్యను కలిసి, ఆ గీత గీసింది నేనేనని చెప్పాలి. చెప్పకుండా ఇంకో ఏడాది ఆ కుర్చీలో కూర్చోగలనని నాకు అనిపించలేదు.

మలక్‌పేట

బస్సు మలక్‌పేటలో దించింది. ఇక్కడ సగం మనవాళ్ళే. మెస్సులో గోంగూర, పప్పుచారు, పక్క బల్ల మీద గుంటూరు యాస. నూట ముప్పై రూపాయల భోజనం. అన్నం మారు వడ్డించమని అడగక్కర్లేదు. ఆ దుకాణం మెట్టు నా లాడ్జికి నాలుగు వీధుల అవతల ఉందని తెలుసు. అటు వెళ్ళలేదు. పొద్దున్నే పని ఉందని నాకు నేనే చెప్పుకుని తొందరగా పడుకున్నాను.

మర్నాడు టిఫిన్‌కు కిచిడీ పెట్టారు. మా వైపు జ్వరం వచ్చి లేచినవాళ్ళకు పెట్టేది, ఇక్కడ రాళ్ళు మోసేవాళ్ళు కూడా పొద్దున్నే తింటారు, పక్కన నువ్వులూ చింతపండూ కలిపిన పుల్లటి ఖట్టాతో. ప్లేటు అరవై. బాగుంది, అయితే సగమే తినగలిగాను. లాల్‌దర్వాజాకు ఆటో నూట యాభై అడిగాడు. పద్దెనిమిదేళ్ళు అమ్మకాల్లో పండిపోయిన మనిషిని, బేరమాడి నూట నలభైకి దించాను. దిగేటప్పుడు చిల్లర లేదని నూట యాభైయే తీసుకున్నాడు.

లాల్‌దర్వాజా

మా వైపు ఆషాఢమంటే కొత్త పెళ్ళికూతుళ్ళు పుట్టిళ్ళలో, బట్టల కొట్లు తగ్గింపు ధరల్లో. ఇక్కడ ఆషాఢమే పెద్ద పండుగ. బోనాలకు ఇంకా పది రోజులుంది. అమ్మవారి గుడి చుట్టూ గోడలకు కొత్త సున్నం వాసన. వేపమండలు కట్ట పది రూపాయలు. వేపాకు కొనుక్కోవడం నేను మొదటిసారి చూశాను.

నా చేతిలో నేనే గీసిన వరస. మొదటిది బాలకిషన్ సేటు కిరాణా దుకాణం, తొమ్మిదిన్నరకు. తాతల కాలం నుంచి అక్కడే ఉన్న కుటుంబం. సేటుకు డెబ్బై దాటి ఉంటాయి. అప్పుడే షట్టర్ ఎత్తి, గడప ముందు నీళ్ళు చల్లి, మా కంపెనీ వత్తులే వెలిగించాడు. ఇక్కడ వాటిని ఊదుబత్తీలంటారు. కంపెనీ నుంచి వచ్చానని చెప్పాను.

"బోణీ కాలే మేడం. కూసోండ్రి" అన్నాడు. నా వైపు మళ్ళీ చూడలేదు.

కూర్చోవడానికి మెట్టు తప్ప ఏమీ లేదు. ఎండ నేరుగా మొహం మీదికి. ఒకాయన వందకు చిల్లర అడిగితే సేటు చేత్తోనే లేదన్నాడు. పక్క దుకాణం ఆవిడ అరువు సబ్బు అడిగితే తర్వాత రమ్మన్నాడు. నలభై నిమిషాలు. అప్పుడు, ఆ మెట్టు మీద, చెమట తుడుచుకుంటూ, నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

మా నాన్నకు వన్‌టౌన్‌లో చిన్న కొట్టుండేది. బోణీ కాకముందు ఒక్క పైసా గల్లాపెట్టెలోంచి బయటికి పోనిచ్చేవాడు కాదు. సరుకు ఆర్డరు మాట ఎత్తనిచ్చేవాడు కాదు. కంపెనీ సేల్స్‌మన్లు మా అరుగు మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేవాళ్ళు, నేను బడికి వెళ్తూ వాళ్ళను దాటుకుని వెళ్ళేదాన్ని. నాకు తెలియని సంగతి కాదిది. తెలిసీ మరిచిపోయాను. తెర మీద దుకాణాలు చుక్కల్లా కనిపిస్తాయి, చుక్కకు బోణీ ఉండదు. అంత సిగ్గు నాకు ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు.

ఒక ముసలమ్మ వచ్చి కొబ్బరికాయ, కర్పూరం తీసుకుంది. సేటు ఆ నోటు కళ్ళకద్దుకుని గల్లాలో వేసి, నా వైపు తిరిగాడు. "ఇగ చెప్పుండ్రి."

యాదగిరి గురించి అడిగాను.

"ఇర్వై ఏండ్లు నా బోణీ అయినంకనే వస్తుండె. పదకొండుకు అటిటు. నిరుడు ఏమైందో, తొమ్మిదిన్నరకే వచ్చి మీరు కూసున్న కాడ్నే కూసుంటుండె. ఏంది యాదగిరీ, గిప్పుడొచ్చినవంటే, పైనుంచి ఆర్డర్ సేటు అన్నడు. నాలుగుసార్లు గట్లనే ఎండల కూసున్నడు. ఐదోసారి రెండ్రూపాయలు తీసి, అగ్గిపెట్టె ఇయ్యి సేటు, నీ బోణీ అయింది, ఇగ ఊదుబత్తీల లెక్క చెప్పు అన్నడు. నవ్వొచ్చింది నాకు. చెప్పిన."

"ఒక్కసారేనా?"

"ఏ, వచ్చినప్పుడల్ల. ఒక్క నా కాడ్నే కాదు, ఈ లైన్ల పొద్దుగాల ఏ దుకాణం బోణీ కాకుంటే ఆ దుకాణంల. ఆయన చెయ్యి మస్తు మంచిది మేడం. ఆయన బోణీ చేసిన దినం తినే టైముండకపోతుండె నాకు. పోనుపోను ఊదుబత్తీలు అమ్మనీకె వచ్చెటోడు అనుకునుడు మర్చిపోయినం. మా బోణీ చేయనీకె వస్తుండు అనుకున్నం."

"అన్ని అగ్గిపెట్టెలు ఏం చేసుకునేవాడు?"

"ఏమో. బీడీ గూడ తాగకపోతుండె" అన్నాడు సేటు.

ఆ రోజు నా వరసలో ముందు పడ్డ ఎనిమిది దుకాణాల్లోనూ ఇదే మాట. ఒకచోట ఉప్పు ప్యాకెట్, ఒకచోట పిన్నీసులు, ఒకచోట షాంపూ. పన్నెండుకల్లా నా కాళ్ళు పొక్కులెక్కాయి. ఒక గొడుగు కొనుక్కున్నాను, రెండు వందల ఇరవై. నాకు మధ్యాహ్నం లాడ్జికి పోయి పడుకునే వీలుంది. పడుకున్నాను, నిద్ర పట్టలేదు.

గౌలిపుర

రెండో రోజు నా కాగితం మడిచి సంచీలో పెట్టి, యాదగిరి పాత వరస తీశాను, ఆ పిచ్చిగీత.

అది పొద్దున ఆరున్నరకు గౌలిపురలో మొదలవుతుంది. ఒకప్పుడు పశువుల మంద ఉన్న ఇళ్ళట అన్నీ. ఇప్పటికీ కొన్ని వాకిళ్ళలో బర్రెలున్నాయి, గల్లీ అంతా పేడ, పచ్చిగడ్డి వాసన. పాలు పోసి వచ్చినవాళ్ళు చేతిలో డబ్బుతో టీ తాగి, పాన్ కట్టించుకుని పోతారు. అందుకని ఖాదర్ భాయ్ పాన్ దుకాణానికి ఏడు కాకముందే బోణీ అయిపోతుంది. అందుకని యాదగిరి అక్కడ మొదలుపెట్టేవాడు. నా గీతలో ఖాదర్ భాయ్ మధ్యాహ్నం రెండుకున్నాడు. రెండింటికి ఆయన దుకాణం మూసి నిద్రపోతాడు. లేచి తీసేది సాయంత్రం, మళ్ళీ కొత్త బోణీ.

యాదగిరి పేరెత్తగానే ఖాదర్ భాయ్ సున్నం గిన్నె పక్కన పెట్టి, టీ చెప్పాడు. ఇరవై రూపాయల టీ, మీగడ తరకతో. డబ్బులు ఇవ్వనివ్వలేదు.

"రూటు మారినంక షామ్‌కు వస్తుండె, బోణీకి ముందల. కంఘీ కొంటుండె. సర్ పే ఏక్ బాల్ నహీ మేడం, కంఘీ ఖరీద్‌తా థా." తల మీద వెంట్రుక లేని మనిషి దువ్వెన కొనేవాడని చెబుతూ నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "నేనన్న, భాయ్, నువ్వు కొనకు, నేను గట్లనే ఆర్డర్ ఇస్త, ఫికర్ జెయ్యకు. వద్దు ఖాదర్ భాయ్, దుకాణం రివాజు దుకాణందే, మా కంపెనీ కోసం తప్పొద్దు అన్నడు."

అక్కణ్ణుంచి ఆ పిచ్చిగీతను అడుగడుగునా నడిచాను. వీధిని మూడుసార్లు దాటాను. ప్రతిచోటా నేను చేరేసరికి బోణీ అయిపోయి, దుకాణందారు చేతులు ఖాళీగా, మొహం తేటగా ఉండేది. ఎవరూ నన్ను నిలబెట్టలేదు. పదకొండుకు బాలకిషన్ సేటు. "గిదీ టైమంటే" అన్నాడు నన్ను చూసి. ఏ దుకాణం బోణీ ఎప్పుడవుతుందో అడిగి, ఒక్కొక్కటీ రాసుకున్నాను. ఈ లెక్క యాదగిరికి ఎవరూ నేర్పలేదు. ఇరవై రెండేళ్ళు గుమ్మాల ముందు నిలబడి తెలుసుకున్నాడు.

ఏటా మా పైస్థాయి వాళ్ళందరినీ ఒక హోటల్లో కూర్చోబెట్టి శిక్షణ ఇస్తారు. నీ పని పరమార్థం ఒక్క వాక్యంలో రాయమంటారు. నేను ప్రతి ఏడూ ఏదో ఇంగ్లీషు ముక్క రాసి, పక్కవాళ్ళది చూసి కొంచెం మార్చేదాన్ని. పదిమంది పొద్దు శుభంగా మొదలవ్వాలని రెండ్రూపాయల అగ్గిపెట్టె కొన్న మనిషి నా కిందనే పనిచేశాడు. నేను ఆయనకు దారి చూపించాననుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. వీధి మధ్యలో గొడుగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఒక పూలమ్మే ఆవిడ, ఏమైంది బిడ్డా, కండ్లు తిరుగుతున్నయా అని నీళ్ళిచ్చింది.

పాత వరసలో పన్నెండు గంటల చుక్క ఒకటుంది. దుకాణం పేరు లేదు. నేను ఆ చుక్కను పనికిరానిదని మొట్టమొదట తుడిచేశాను. అక్కడికి వెళ్ళి చూస్తే, గుడి వెనక గల్లీలో ఒక అద్దె ఇల్లు. తలుపు ముందు చిన్న బల్ల, దాని మీద గుడ్డ కప్పి ఉంది. పక్కింటివాళ్ళను అడిగితే యాదగిరి ఇల్లన్నారు. తట్టడానికి ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాను.

మళ్ళీ లాల్‌దర్వాజా

మూడో రోజు పొద్దున వెళ్ళాను. యాదగిరి భార్య పేరు అండాలు. యాభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. బల్ల మీద గుడ్డ తీసి సరుకు సర్దుతోంది. అగ్గిపెట్టెలు, దువ్వెనలు, పిన్నీసులు, షాంపూ ప్యాకెట్లు, ఉప్పు. గుమ్మం పక్కన రెండు బియ్యం సంచులు, వాటి నిండా అవే. నేను చూసిన దుకాణాలన్నీ ఆ బల్ల మీద ఉన్నాయి.

కంపెనీ నుంచి వచ్చానమ్మా అన్నాను. "అమ్మా, ఆయన రూటు గురించి మీకొక మాట..."

"బోణీ కాలే మేడం" అంది. "చెడ్డ ముచ్చట తర్వాత."

అగ్గిపెట్టె అడిగాను. పది రూపాయల నోటు ఇచ్చి చిల్లర ఉంచేసుకోమంటే ఒప్పుకోలేదు, అయిదు అగ్గిపెట్టెలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. నోటు కళ్ళకద్దుకుని, గోడ మీది యాదగిరి ఫోటోకు చూపించి, రేకు డబ్బాలో వేసింది. అప్పుడు నాకు పీట వేసింది.

"ఇంటికి రాంగనే జేబులకెళ్ళి తీసి ఈ సంచిల ఏస్తుండె. పిచ్చి లేసిందా ఏందని మస్తు లొల్లి పెట్టుకున్న. గివి నా బోణీలే అండాలూ, పారెయ్యకు అంటుండె. ఆయన పోయినంక ఏం జెయ్యాలెనో తెల్వక గివే ముందలేసుకొని కూసున్న."

"మధ్యాహ్నాలు ఇంటికి వచ్చేవాడా?"

"మునుపొస్తుండె. పన్నెండుగొట్టంగ వచ్చి, తిని, గుండె గోలీ ఏస్కొని, గంట సేపు ఒరుగుతుండె. రూటు మారినంక అన్నం డబ్బ కట్టిన. గోలీలు అండ్లనే పెడుతుంటి. సగం దినాలు అట్లనే వాపస్ తెస్తుండె." రేకు డబ్బా మూత బిగిస్తూ అంది, "ఎప్పటికైనా వచ్చేదే అన్నడు డాక్టర్. అన్నడు మరి."

మూడు రోజులుగా కూడగట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ రూటు మార్చింది నేను. ఆయన ఫోన్ చేసి చెప్పబోతే వినలేదు. ఆ పన్నెండు గంటల చుక్క ఇల్లని తెలియక తుడిచేసింది కూడా నేనే. నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

అండాలు లోపలికి వెళ్ళి ఆయన ఫోన్ తెచ్చింది. మూల పగిలింది. నా నంబరు తీసి చూపించింది. తెలుగులో "రూటు మేడం" అని ఉంది.

"నాకెర్కే. మొన్న సేటు గూడ చెప్పిండు, మేడం వచ్చింది, ఎండల కూసుందని."

"తెలిసీ నా చేత బోణీ ఎందుకు చేయించుకున్నారమ్మా?"

ఆమె దువ్వెనలు సర్దుతూ, తలెత్తకుండా చెప్పింది. "వాకిట్లకు వచ్చినోళ్ళను నేనెందుకు ఆపుత. ఆయనైతే ఆపకపోతుండె. మీ చెయ్యి ఎట్లాంటిదో పొద్దుమీకినంక చూసి చెప్త."

టీ తాగి వెళ్ళమంది. పంచదార ఎక్కువేసిన టీ. పూర్తిగా తాగాను.

తిరుగు దారి

రిపోర్టు బస్సులోనే రాశాను. బీట్ ఉంచాలని, పాత వరస ఉన్నదున్నట్టు తిరిగి పెట్టాలని, ప్రతి దుకాణం పేరు పక్కన దాని బోణీ వేళ. గీత తప్పు నాదని కూడా రాశాను. ఆ వాక్యం రెండుసార్లు తీసేసి మళ్ళీ పెట్టాను. తర్వాత సంగతి ఇప్పుడే చెప్పేస్తాను: కంపెనీ దసరా దాకా చూద్దామంది. పన్నెండు గంటల చుక్కను కూడా నేను ఉంచాను. కొత్తగా వచ్చే మనిషి ఆ గంట తన ఇంటికి పోయి తింటాడు. ఇప్పుడెవరైనా ఫోన్ చేసి రూటు మార్చాలంటే, నేను మీటింగు బయటే నిలబడి మాట పూర్తయ్యే దాకా వింటున్నాను. నా పనికి పరమార్థం ఏమైనా ఉంటే అంతే ఉంది. అది నేర్చుకోవడానికి ఒక మనిషి పోవలసి వచ్చింది.

సూర్యాపేటలో బస్సు ఆగేసరికి చీకటి పడుతోంది. టీ పన్నెండు రూపాయలు, నీళ్ళలా ఉంది. ఫోన్ మోగింది. యాదగిరి నంబరు. టీ గ్లాసు పక్కన పెట్టి ఎత్తాను.

"మేడం, అండాలును. చెప్త అన్న కద. మీ తర్వాత ఒక్కలు రాలే."

ఆమె గొంతులో కోపం లేదు. ఎగతాళీ లేదు. పొద్దున అన్న మాట సాయంత్రం నిలబెట్టుకుంటోంది, అంతే.

"ఫికర్ జెయ్యకుండ్రి. రేపు మల్ల బోణీ వేరే ఎవరన్న చేస్తరు" అంది. "జాగ్రత్తగ పోండ్రి."

రూటు మార్చమని ఫోన్ చేసిన రోజు యాదగిరి నాతో చివరగా అన్న మాట తప్ప నాకింకేమీ దొరకలేదు. సరే అన్నాను.